పందిరి మీది బంధుత్వములు

పప్పులో నుడికెడి గుండ్రని పసుపుపచ్చ దోసకాయను, వేసవిలో ముక్కలు కోసి ఉప్పుకారము చల్లుకొని తినెడి పొడవైన కీరదోసను, పరిమళము వెదజల్లుచు బజారులో రాసులు పోసియుండు కర్బూజపండును ఒక్కచోట నుంచి, వీనిలో దగ్గరి చుట్టరికము గల రెండింటిని ఏరి చూపుడని యెవరినైన నడిగినచో, ఆలోచింపకయే మొదటి రెండింటిని ప్రక్కకు తీసి పెట్టుదురు. రెండింటికిని దోస యన్న పేరు కలదు. రెండును కూరగాయలుగనే చెల్లుచున్నవి. రెండింటి గింజలును ఒక్క తీరుననే కనబడును. కాని వృక్షశాస్త్రజ్ఞుడు పప్పుదోసను కర్బూజను ఒక్క జాతికి చెందిన రెండు రూపములుగా నెంచి, కీరదోసను అదే ప్రజాతిలోని వేఱొక జాతిగా దూరముగ నిలుపును. కీరదోస కణములలో క్రోమోజోములు 14 మాత్రమే కాగా, పప్పుదోసలోను కర్బూజలోను అవి 24 చొప్పున నుండును. పప్పుదోస పుప్పొడిని కర్బూజ పూవున కద్దినచో పిందె నిలుచును, గింజ ముదురును, ఆ గింజ మొలచి పెరిగి తానును సంతానమును కనును. కీరదోస పుప్పొడి నద్దినచో అట్టి ఫలితము కలుగదు. పండినపుడు నెఱ్ఱలు విచ్చి పిండిపిండియై, బెల్లముతో నంజుకొనుటకు తగియుండు దోసపండును గూడ కర్బూజ జాతిలోనిదే.

ఈ చిన్న యుదాహరణమును ముందుగా చెప్పుటకు కారణము కలదు. మొక్కల వర్గీకరణమును పాఠశాలలో లాటిను నామములను కంఠస్థము చేయుటకై యేర్పడిన విద్యగా మనలో పెక్కురు భావింతురు. నా నమ్మకము వేఱు. ఏ పాదు పుప్పొడి ఏ పాదు గింజను చెడగొట్టునో, ఏ తీగ ఏ తీగ వేరుపై అంటుకొని బ్రతుకునో, ఏ పురుగు దేనిని విడిచి దేని మీదికి పోవునో, ఏ మందు దేని యాకులను మాడ్చునో తెలియగోరు రైతునకు బంధుత్వజ్ఞానముకంటె దగ్గరి దారి లేదు. దీనిని నిరూపించుటకు మన పెరటి పందిరిపై నల్లుకొను తీగజాతి కూరగాయలకంటె మంచి సాక్ష్యములు దొరకవు.

సొర, బీర, నేతిబీర, కాకర, ఆకాకర, పొట్ల, దొండ, దోస, కీర, గుమ్మడి, బూడిదగుమ్మడి, పుచ్చ, కర్బూజ — ఇవి యన్నియు కుకుర్బిటేసి యను నొకే కుటుంబములోనివి. ఈ కుటుంబమున నూటికి దగ్గరగా ప్రజాతులును, సుమారు వేయి జాతులును కలవు. వీనిలో చాలవఱకు వెచ్చని దేశముల మొక్కలే. మంచు పడినచో నిలువలేవు. కంచెలపై ప్రాకి బటాణీగింజయంత కాయలు కాయు కూతురుబుడమ యీ కుటుంబములోనిదే. పాశ్చాత్యదేశముల పందెములలో 1000 కిలోగ్రాములను మించి తూగిన గుమ్మడికాయయు నీ కుటుంబములోనిదే. కాయ పరిమాణమును బట్టియో, రుచిని బట్టియో, వాడుకను బట్టియో వంశనిర్ణయము చేయబూనినవాడు ఎట్లు దారి తప్పునో దీనివలననే గ్రహింపవచ్చును.

మఱి యేమి చూడవలెను? కాండమును త్రుంచి చూచిన అది సాధారణముగ కోణములుదేఱి, లోపల డొల్లగా, పైన గరుకునూగుతో నుండును. ఆహారమును మోసికొనిపోవు నాళములు ఇతర మొక్కలలో పెక్కింట దారువునకు వెలుపలివైపుననే యుండగా, ఈ కుటుంబమున లోపలివైపున గూడ నుండును. ఆకులు చేతివ్రేళ్ళవలె చీలినవి. ఆకుకాడ మొదట ప్రక్కగా బయలుదేరు నులితీగ మాత్రము నిలిచి చూడదగిన వింత. 1858లో అమెరికా శాస్త్రజ్ఞుడైన ఆసాగ్రే యీ కుటుంబపు తీగ యొకదాని నులితీగ చలనములనుగూర్చి వ్రాసిన చిన్న వ్యాసమును చదివి, ఆయన పంపిన గింజలను తన యింటిలో మొలపించి, చార్లెస్ డార్విన్ చాలకాలము వాని నడకను గమనించెను. ఆధారము దొరకనంతవఱకు నులితీగ కొన రెండు గంటలు నిండకమునుపే ఒక చుట్టు తిరిగి వచ్చుచు, గాలిలో వెదకుచునే యుండును. పుల్ల తగిలిన తోడనే దానిని చుట్టుకొనును. అటుపిమ్మట నడిమిభాగము మెలికలుపడి తీగను ఆధారమువైపునకు లాగుకొనును. ఈ పరిశీలనములను ఆయన 1865లో ప్రకటించెను.

ఆ మెలికలను శ్రద్ధగా చూచినవారికి మఱియొక విశేషము గోచరించును. నులితీగలో సగము కుడివైపునకు చుట్టుకొనగా తక్కిన సగము ఎడమవైపునకు చుట్టుకొనును. నడుమ నొకచోట మెలిక తిరుగబడును. రెండు కొనలును కట్టుబడియున్న దారమును ఒకే దిశగా మెలిపెట్టుట సాధ్యము కాదు గనుక, ప్రకృతి యీ విధముగా కుడిచుట్లను ఎడమచుట్లతో సరిచేసినది. 2012లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారు కీరదోస నులితీగను పరీక్షించి, దాని లోపల గట్టిపడిన నారకణముల పట్టీ యొకటి కలదనియు, ఆ పట్టీలో నొకవైపు కుంచించుకొనుటవలననే మెలిక కలుగుచున్నదనియు, ముదిరిన నులితీగను లాగినప్పుడు చుట్లు విప్పుకొనుటకు మాఱుగా మొదట మఱికొన్ని చుట్లు హెచ్చుచున్నవనియు కనుగొనిరి. పెనుగాలిలో పందిరి ఊగుచున్నను సొరతీగ ఊడిపడకుండుటకు ఈ యేర్పాటే కారణము.

ఇక పూవులకు వత్తము. ఈ కుటుంబమును పోల్చుకొనుటకును సేద్యము చేయుటకును పూవే ముఖ్యము. తఱచుగ నొకే తీగపై మగపూవులును ఆడపూవులును వేఱువేఱుగా పూయును. మగపూవు సన్నని కాడపై నిలిచియుండును. ఆడపూవు క్రింద ఆ కాయ యొక్క రూపముననే చిన్న పిందె వికసించుటకు ముందే యేర్పడియుండును. అండాశయము పూరేకుల క్రిందుగా నుండుటవలన నిట్లగును. పాదు మొదట పూతకు వచ్చినప్పుడు కొన్ని దినముల పాటు మగపూవులే పూయును. తరువాతను ఒక్కొక్క ఆడపూవునకు పది, పదిహేను, ఒక్కొక్కప్పుడు అంతకంటె హెచ్చుగా మగపూవులు పూయుచుండును. పూత యంతయు రాలిపోవుచున్నదని, దిష్టి తగిలినదని, మందు కొట్టవలెనని యింటింట వినబడు విచారమునకు మూలమిదియే. మగపూవు రాలుట దాని ధర్మము. పిందెతో కూడిన పూవు పసుపువన్నెకు తిరిగి రాలినప్పుడు మాత్రమే విచారింపవలెను; అపుడును తఱచుగ దోషము తెగులుది కాదు, పుప్పొడి చేరకపోవుటయే.

పుప్పొడి బరువుగ, జిగటగ నుండుటచే గాలికి కొట్టుకొనిపోదు; దానిని కీటకములే చేరవేయవలెను. గుమ్మడి, దోస, పుచ్చ, కాకర పసుపుపచ్చని పూవులను తెల్లవాఱుజామున విప్పి తేనెటీగల నాహ్వానించును. సొరయు పొట్లయు తెల్లని పూవులను సాయంకాలమున విప్పును; చీకటిలో తిరుగు చిమ్మటపురుగులకు తెలుపే కానవచ్చును గదా. బీరయు నేతిబీరయు తోబుట్టువులవంటి జాతులైనను, బీరపూవు ప్రొద్దుగ్రుంకు వేళ విచ్చును, నేతిబీర వేకువజామున విచ్చును. కాబట్టి పురుగుమందును ఏ వేళనైన చల్లవచ్చునని తలచువాడు తన పంటను తానే నష్టపఱచుకొనుచున్నాడు. ఉదయము పది గంటల లోపల గుమ్మడితోటలో మందు చల్లినచో తేనెటీగ చచ్చును, ఆ దినమున విచ్చిన ఆడపూవులు కట్టవు. పందిళ్ళు పెట్టినవారు తేనెటీగల పెట్టెలను గూడ పెట్టుకొనుట మిక్కిలి మేలు.

మగపూవులెన్ని, ఆడపూవులెన్ని యనునది పుట్టుకచేతనే పూర్తిగ స్థిరపడినది కాదు. పగళ్ళు దీర్ఘమై ఎండ ముదిరినప్పుడును, నత్రజని యెరువు మితిమీరినప్పుడును మగపూవులు హెచ్చును. చల్లని రాత్రులును చిన్న పగళ్ళును ఆడపూవులను పెంచును. మొక్క తనలో తయారుచేసికొను ఎథిలీను అను వాయువు ఆడుతనమునకు తోడ్పడగా, జిబ్బరెల్లిను అను మఱియొక పదార్థము మగతనమునకు తోడ్పడును. అందుచేతనే రెండు మొదలు నాలుగు ఆకుల దశలో ఎథిలీనును పుట్టించు ఎథ్రెలు మందును అతిస్వల్పముగ పిచికారీ చేసినచో దోస, సొర మున్నగు తీగలలో ఆడపూవులు త్వరగను హెచ్చుగను వచ్చును. పుచ్చలో మాత్రమిది యెదురు తిరుగును. కావున ఒక పాదునకు చెప్పిన మందును మఱియొక పాదునకు పోయుటకు ముందు తెలిసికొనుట మంచిది.

ఆడుమగలు ఒకే తీగపై గాక వేఱువేఱు మొక్కలపై నుండుట యీ కుటుంబములో మఱియొక విశేషము. దొండ అట్టిది, ఆకాకర యట్టిది. ఆకాకరకు శాస్త్రనామము పెట్టినవాడు విలియం రాక్స్‌బర్గు. స్కాట్లండు దేశీయుడైన యీ వైద్యుడు పద్దెనిమిదవ శతాబ్దపు చివరిభాగమున మన సామర్లకోటలో తోట వేసి, 1793లో కలకత్తా ఉద్యానవనమునకు వెళ్ళువఱకు కోరమాండలు తీరపు మొక్కలను పరీక్షించి, చిత్రకారులచేత బొమ్మలు వ్రాయించి, వాని తెలుగు పేర్లను గూడ తన గ్రంథములలో నెక్కించెను. ఆకాకరను ఆయన డయోయికా యని పిలుచుటలోనే ఆడుమగల వేఱుకాపురము సూచితమై యున్నది. తెలంగాణమున బోడకాకర యనబడు నీ కాయను వానకాలమున అడవుల నుండి ఏరి తెచ్చి యమ్ముదురు. తోటగా పెంచదలచినవారు ఎనిమిది పది ఆడుమొక్కలకు ఒక మగమొక్కనైన నాటకపోయినచో కాయలను చూడజాలరు. గింజనుండి పెంచినచో పూత వచ్చువఱకు ఆడుమగల భేదము తెలియదు గనుక, భూమిలోని దుంపలను గుర్తు పెట్టుకొని వానినే నాటుట సులభము. దొండను ఆడుతీగ ముక్కలతోనే వ్యాపింపజేయుట మనవారు ఏనాటినుండియో యెఱిగిన పద్ధతి. దొండ మగమొక్క కణమున వై యను క్రోమోజోము తక్కిన వానియన్నింటికంటె పెద్దదై సూక్ష్మదర్శినిలో స్పష్టముగ కనబడును. మొక్కలలో నిట్టి స్పష్టత చాల యరుదు. మొక్కలలో లింగభేదము మెండెలు సూత్రముల ననుసరించి సంక్రమించునని 1907లో జర్మనీలో కార్ల్ కారెన్సు ప్రయోగపూర్వకముగ చూపినదియు ఈ కుటుంబములోని బ్రయోనియా యను తీగపైననే.

ఇన్ని పోలికలుగల కుటుంబమును నిర్ణయించుట శాస్త్రజ్ఞులకు సులభముగ సాగలేదు. 1753లో వృక్షశాస్త్రజ్ఞుడైన లిన్నేయసు కేసరములను, కీలములను లెక్కించు తన 24 తరగతుల పద్ధతిలో మొక్కలను అమర్చినపుడు, సొరను, గుమ్మడిని, పుచ్చను ఒకే ప్రజాతిలో చేర్చెను. తరువాతివారు సొరపూవు తెలుపును, గింజ యాకారమును, పుప్పొడిని పరిశీలించి వానిని మూడు ప్రజాతులుగ విడదీసిరి. 1789లో ఫ్రాన్సులో జుస్సియూ కుటుంబమునకు పేరు పెట్టి స్థాపించెను. పిమ్మట వచ్చిన వివాదము పూరేకులను గూర్చినది. అవి విడివిడిగ నున్నవని తలచి వృక్షశాస్త్రజ్ఞులైన బెంథాం, హుకరులు ఈ కుటుంబమును కృష్ణకమలపు కుటుంబము ప్రక్కన నుంచిరి. కలిసియున్నవని తలచి జర్మనీలో ఎంగ్లరు దానిని మఱియొక కొనకు తీసికొనిపోయెను.  వారసత్వపదార్థమగు డీఎన్ఏను చదువ నేర్చిన పిమ్మట ఈ వివాదము ముగిసినది. మన సొరబీరలకు దగ్గరి జ్ఞాతి కుండీలలో పెంచుకొను బిగోనియా యని తేలినది. ఒకరిని చూచిన మఱియొకరు గుర్తురాని చుట్టములు వృక్షలోకమునను కలరు.

ఒకే కుటుంబమైనను పుట్టిన దేశములు వేఱు. బీర, నేతిబీర, పొట్ల, కీర, బూడిదగుమ్మడి ఆసియా ఖండమువి. కీరదోస యొక్క అడవిరూపము హిమాలయపు పాదభూములలో నేటికిని చేదుకాయలతో ప్రాకుచున్నది. పుచ్చ ఆఫ్రికాది. తియ్యగుమ్మడి అమెరికాది, మెక్సికో దేశమున ఒహాకా సీమలోని గుహ యొకదానిలో దొరకిన గుమ్మడిగింజలు సుమారు పదివేల యేండ్లనాటివి. పదునాఱవ శతాబ్దమునకు ముందు మన దేశమున తియ్యగుమ్మడి లేదు. బూడిదగుమ్మడి యన్ననో మన సీమకు పాతది. దానిపై మెఱయు బూడిద యన్నది కాయ తనంతట తాను స్రవించు మైనము, దానివలననే కాయ నెలల తరబడి చెడక నిలుచును, వడియములకు సంక్రాంతి వఱకు దాచుకొనుటకు వీలగును. పేరు కలసినను తియ్యగుమ్మడికిని దీనికిని సంకరము జరుగదు. మనము బెంగుళూరు వంకాయ యని పిలుచునదియు వంకాయకు చుట్టము కాదు, మెక్సికోనుండి వచ్చిన యీ కుటుంబపు తీగయే. కాయలో ఒక్కటే గింజ, ఆ గింజ కాయలోపలనే మొలకెత్తును గనుక కాయను కాయగనే నాటవలెను.

సొర చరిత్ర వీనియన్నింటికంటె నద్భుతము. పుట్టినది ఆఫ్రికాలో; ఐనను పదివేల యేండ్లకు పూర్వమే అమెరికా ఖండమున దాని జాడలు దొరకుచున్నవి. మహాసముద్రమును దాటు పడవలు లేని కాలమున నది సముద్రము నెట్లు దాటినది? ఎండిన సొరబుర్రలను ఉప్పునీటిలో ఏడు నెలలకు పైగా తేలనిచ్చి చూడగా, లోపలి గింజలు మొలకెత్తు శక్తిని కోల్పోలేదు. 2014లో ప్రకటింపబడిన డీఎన్ఏ పరిశోధనము అమెరికాలోని ప్రాచీన సొరలు ఆఫ్రికా సొరలకు దగ్గరివని చూపి, సముద్రపు ప్రవాహములే వానిని చేరవేసినవను నభిప్రాయమును బలపఱచినది. మన పల్లెలలో ఈత నేర్చుకొను పిల్లలకు నడుమున సొరబుర్రలు కట్టుట యిట్టి తేలికదనము తెలిసియే.

చేదునుగూర్చి ఒక్కమాట చెప్పక విడువరాదు. అడవిరూపములలో కుకుర్బిటాసినులను విషపు చేదు నిండియుండును. మానవుడు తరతరములుగ చేదులేని కాయల గింజలను ఏరి దాచి, దానిని తొలగించుకొనెను. అడవితీగ పుప్పొడి కలసిన గింజ వేసినప్పుడు ఆ చేదు మరల తలయెత్తును. సొరరసమును ఔషధముగ త్రాగు నలవాటు ప్రబలిన పిమ్మట చేదురసము త్రాగి తీవ్రముగ జబ్బుపడినవారును, మరణించినవారును కలరు. భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణుల సంఘము ఈ సంగతి పరిశీలించి, చేదు తగిలిన సొరరసమును త్రాగరాదని హెచ్చరించినది. కోసిన ప్రతి సొరకాయనుండియు చిన్న ముక్కను నాలుకపై నుంచి చూచి, చేదైనచో కాయను పాఱవేయవలెను. ఉడికించినంత మాత్రమున ఆ విషము పోదు. కాకరచేదు అదే కుదురులోనిదైనను వేఱు పదార్థములచే కలుగునది, భయము లేదు. గుమ్మడిజాతి యాకులను జల్లెడచేయు ఎఱ్ఱ పెంకుపురుగు తక్కిన పాదులపై వాలి కాకరను చాలవఱకు విడిచిపెట్టుట గమనింపదగినది.

ఇప్పుడు సేద్యము. ఈ తీగలకు ఇసుక కలసిన, నీరు నిలువని గరపనేల శ్రేష్ఠము. నదుల ఇసుకమేటలలో గోతులు త్రవ్వి ఎరువు నింపి పుచ్చను, కర్బూజను పండించుట పెన్న మొదలగు నదుల యొడ్డున నున్న పాతపద్ధతి. తొలకరిలో జూన్, జూలై నెలలందును, వేసవిపంటకు జనవరి, ఫిబ్రవరి నెలలందును గింజ నాటుదురు. సొర, గుమ్మడులకు వరుసల నడుమ 3 మీటర్లైన విడువవలెను. బీర, కాకర, దోసలకు ఒకటిన్నర మొదలు రెండు మీటర్లు చాలును. పశువుల యెరువు కలిపిన పాదులో మూడు నాలుగు గింజలు వేసి, మొలచిన పిమ్మట బలమైన రెండింటిని నిలిపి తక్కినవానిని తీసివేయుదురు. కాకరగింజ పెంకు మందము గనుక ముందురాత్రి నీటిలో నానవేయవలెను. ఈ కుటుంబపు వేరు కదలింపును సహింపదు. వంగ, మిరపలవలె మడిలో నారు పోసి పీకి నాటరాదు. నారు కావలసినవారు సంచులలోనో ట్రేలలోనో పెంచి, వేళ్ళచుట్టునున్న మట్టి విడిపోకుండ నాటుకొనవలెను.

దోస, గుమ్మడి, పుచ్చలు నేలపై ప్రాకినను బాధలేదు. బీర, కాకర, సొర, పొట్ల, దొండలకు పందిరి మేలు. కాయ వంకర పోదు, మట్టి తగిలి కుళ్ళదు, గాలి యాడుటచే తెగుళ్ళు తగ్గును. పొట్లకాయకు కొననొక చిన్న రాయి కట్టి వ్రేలాడదీసినచో తిన్నగా సాగును. రాతికూసములు పాతి తీగలు లాగిన శాశ్వతపు పందిళ్ళు మొదట ఖర్చైనను ఏండ్లతరబడి యుపయోగించును. ఐతే అదే పందిరి క్రింద ఏటేట నీ కుటుంబపు పాదులనే వేయుచుండినచో నేలలో నులిపురుగులును, ఎండుతెగులును పేరుకొనును. బీర తరువాత కాకర వేసి పంట మార్చితిననుకొను రైతు నిజమునకు మార్చలేదు. కుటుంబము మారినప్పుడే మార్పు. నడుమ నొక కారు చిక్కుడుతీగనైన ఎక్కించుట మంచిది.

కుటుంబ మంతకును సామాన్యమైన మఱియొక గుణము గంధకమును సహింపకపోవుట. ఆకులపై బూడిదతెగులు కనబడగనే, మిరపకును మామిడికిని పనికివచ్చిన గంధకపు పొడిని తీగలపై చల్లి, మఱునాటికి ఆకులు మాడగా విలపించినవారు పెక్కుమంది కలరు. ఈ పాదులకు గంధకము సంబంధించిన మందులను వాడరాదు. పిందెలలో గ్రుడ్లు పెట్టు పండుఈగ వేఱొక శత్రువు. దాని పురుగు కాయలోపల నుండుటచే పైమందు తగులదు. పుచ్చిన కాయలను పాదు క్రిందనే విడువక ఏరి లోతుగ పూడ్చుట, బెల్లపునీటిలో విషము కలిపి యెఱగా పెట్టుట, లేత పిందెకు కాగితపు సంచి తొడుగుట — వీనిలో మొదటిదానిని మానినచో తక్కిన రెండును వ్యర్థము.

జపానువారు ఈ కుటుంబ బంధుత్వమును సేద్యమున కుపయోగించుకొన్న తీరు ఆదర్శప్రాయము. ఎండుతెగులుచే పుచ్చతోటలు నశించుచుండగా, వారు 1920ల దశాబ్దములో పుచ్చమొలకను గుమ్మడి, సొర వేళ్ళపై అంటుకట్టుట ప్రారంభించిరి. పుచ్చకును సొరకును సంకరము జరుగదు, కాని కుటుంబ మొకటే యగుటచే అంటు నిలుచును. తెగులు పుచ్చవేరును చంపునుగాని సొరవేరును చంపదు. గింజలేని పుచ్చయు వారి కృషియే. కిహారా యను జన్యుశాస్త్రజ్ఞుడు 22 క్రోమోజోములుగల పుచ్చను కోల్చిసిను అను మందుచే 44 క్రోమోజోములుగల దానిగ మార్చి, దానికి మామూలు పుచ్చ పుప్పొడి నద్ది, 33 క్రోమోజోములుగల మొక్కను సాధించెను. సరి భాగములుగ పంచుకొన వీలుగాని యీ సంఖ్యవలన గింజ కట్టదు. కాయ యెదుగుటకు మాత్రము పుప్పొడి కావలెను గనుక, నడుమనడుమ మామూలు పుచ్చపాదులను గూడ వేయవలసియుండును.

ఇంటి గింజను ఇంటనే నిలుపుకొనదలచినవారికి బంధుత్వజ్ఞానము మఱింత యవసరము. కర్బూజతోట ప్రక్కన దోస వేసిన ఆ యేటి దోసకాయ రుచి మారునని కొందఱు భయపడుదురు. అది నిజము కాదు, కాయ కండ యంతయు తల్లిపాదుదే. లోపలి గింజ మాత్రము కలిసిపోవును, ఫలితము మఱుసటి యేట తెలియును. బీరయు నేతిబీరయు కొంతవఱకు కలియును. బీరయు సొరయు కలియవు. విత్తనశాఖల నియమము ప్రకారము ధ్రువీకృత విత్తనమునకు ఒకే జాతి రకముల నడుమ 500 మీటర్లును, మూలవిత్తనమునకు 1000 మీటర్లును ఎడముండవలెను. పెరటిలో నంత దూర మెవరికి దొరకును? మఱునాడు విచ్చబోవు ఆడమొగ్గను, మగమొగ్గను గుర్తించి, వికసింపకముందే కాగితపు సంచి తొడిగి, విచ్చిన తోడనే మగపూవును త్రుంచి రేకులు తీసి ఆడపూవు కీలాగ్రమున పుప్పొడి నద్ది, మరల సంచి తొడిగి కాడకు రంగుదారము కట్టవలెను. ఆ కాయను కూరకు కోయక తీగపైననే ముదురనీయవలెను. బీరకాయ ఎండినప్పుడు కొననున్న మూత తనంతట రాలి గింజలు జాఱును గనుక అంతకుముందే కోయవలెను. సొర ఆడించినప్పుడు గలగలలాడవలెను. దోసను బాగుగ మ్రగ్గనిచ్చి, గుజ్జుతోగూడ గింజలను కుండలో నొకటి రెండు దినములు పులియబెట్టి, కడిగి, పైకి తేలిన తాలుగింజలను పాఱబోసి, అడుగుననున్న వానిని నీడలో ఆరబెట్టవలెను. తేమ తగులనీయక భద్రపఱచినచో ఆ గింజలు నాలుగైదేండ్ల వఱకు మొలచును.